రెండో తాళం చెవి

మా బ్రాంచిలో లాకర్ల గది నేనే చూస్తాను. ఖాతాదారు తన చెవి పెట్టాలి, నేను బ్యాంకు చెవి పెట్టాలి. రెండూ తిరిగితేనే ఆ చిన్న ఇనుప తలుపు కదులుతుంది. నా చెవి తిప్పడం అయిపోగానే గదిలోంచి బయటికి వచ్చేస్తాను. లోపల ఆయన బంగారమే చూసుకుంటాడో, వసూలు కాని పాత ప్రామిసరీ నోట్లు చూసి కళ్లు తుడుచుకుంటాడో నాకు అక్కర్లేదు. ఏళ్లుగా ఈ పనిలో ఉండి ఒక్కరి లాకరులోకీ తొంగి చూసినవాణ్ని కాదు. బయట నాకు గుట్టు తెలిసిన మనిషి అన్న పేరుంది. ఆ పేరు మా ఇంటి గడప దగ్గరే ఆగిపోయింది. లోపలికి ఎందుకు రాలేదో చెప్పుకోవడానికే ఈ గోడు.

నిరుడు మా అమ్మాయికి ఎనిమిదో తరగతిలో గురుకులం సీటు వచ్చింది. అప్పటిదాకా నెల్లికుదురులోనే, నడిచిపోయే బడి. అక్కడ లాకరు అంటే బల్ల కింద అర. దానికి తలుపుండదు, తాళముండదు. సగం తిన్న జామకాయ, మూత లేని పెన్ను, ఎవరిదో తెలియని జామెట్రీ బాక్సు, ఇవన్నీ ఉమ్మడి ఆస్తి. అందుకని పిల్లలు దేన్నీ బడిలో వదలరు, మొత్తం వీపు మీదే తెచ్చుకుంటారు. ఒకనాడు ఆ సంచిని ఎత్తి కుర్చీలో పెట్టబోయి నడుము పట్టేసి రెండు రోజులు సెలవు పెట్టాను. మూల్గుతూ పడుకుని ఫోనులో బడిసంచుల చరిత్ర అంతా చదివాను.

చదివినకొద్దీ నడుము నొప్పి తగ్గి, కోపం పెరిగింది. మాల్గుడి కథలు రాసిన ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో 1989లో మాట్లాడుతూ పిల్లల బడిసంచుల బరువు గురించే మొరపెట్టుకున్నాడు. దేశంలో ఇంకే సమస్యా దొరకలేదా అని నవ్వుకున్నవాళ్లు ఉండే ఉంటారు, నా నడుమునడిగితే ఆయనదే అసలు సమస్య అంటుంది. తర్వాత యశ్‌పాల్ కమిటీ వేశారు, ‘భారం లేని చదువు’ అని 1993లో నివేదిక ఇచ్చింది. 2018లో కేంద్రం ఏ తరగతికి ఎన్ని కిలోలో పట్టిక వేసింది. ఎనిమిది, తొమ్మిది తరగతులకు నాలుగున్నర కిలోలు. 2020లో ఏకంగా బడిసంచుల విధానమే వచ్చింది. సంచి పిల్లల బరువులో పదో వంతు మించరాదు, బడిలో తూకం మిషను ఉండాలి, లాకర్లు ఉండాలి అని. ఇవన్నీ కంఠతా పట్టి, మా ఆవిడకు అప్పజెప్పాను.

“ఇంత చదివినోనివి, ఆ సంచి బండి మీద పెట్టుకొని బడి కాడ దింపి రారాదు?” అన్నది ఆవిడ.

నాకు బ్యాంకుకు టైమవుతోందని గుర్తొచ్చింది.

గురుకులం సీటు రాగానే నాకు ముందు గుర్తొచ్చింది పెట్టె. పిల్లదానికి మొదటిసారి సొంత తాళం, సొంత అర. మనవైపు హైస్కూలు పిల్లలకు లాకరు అంటూ ఏదైనా ఉంటే అది హాస్టలు పిల్లల రేకు పెట్టే కదా. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. అప్పటినుంచి జూన్ నెలలో ఆర్టీసీ బస్సెక్కితే రేకు పెట్టె మోకాలికి తగలకుండా దిగినవాళ్లు తక్కువ. బడివాళ్లు పెట్టె ఇచ్చేదాకా ఆగుదామంది మా ఆవిడ. నేను ఆగలేదు. పెట్టెల విషయంలో నాకున్న అనుభవం సర్కారుకు లేదు.

ఆ అనుభవం సంగతి ఇప్పుడే చెప్పేస్తే నయం.

1990లో నేనూ ఎనిమిదో తరగతిలోనే హాస్టలుకు పోయాను. అప్పుడు మాది వరంగల్ జిల్లా, మానుకోట (మహబూబాబాద్) జిల్లా 2016 దసరా నాటి ముచ్చట. మా బాపు సందుగ నెత్తిన పెట్టుకుని హనుమకొండలో దిగాను. హాస్టలు గదిలో గోడ వెంబడి సందుగలు బారుగా ఉండేవి. అదే కుర్చీ, అదే బల్ల. పొద్దుగూకితే దాని మీద కూర్చుని ఇంటికి ఉత్తరం రాసేవాళ్లం, అందులోనే దాచేవాళ్లం, పోస్టు చేయడం మరిచిపోయేవాళ్లం. లోపల ఒక మూల అంగీలు, ఒక మూల మామిడికాయ తొక్కు సీసా. ఆ సీసా మూత వదులైన రోజున అంగీలూ, లెక్కల నోటుబుక్కూ, మామయ్య ఇచ్చిన ఐదు రూపాయల నోటూ అన్నీ ఒకే రంగు, ఒకే వాసన.

సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చిన వారం మా గదికి పండుగ. ప్రతి సందుగలోనూ సకినాలే. ప్రతి సందుగకూ తాళమే. తాళం చెవి మొలతాడుకో, మెడలో దారానికో. పిల్లలందరూ ముందువైపు తాళాన్నే చూసుకునేవాళ్లు. వెనకవైపు రెండు బందులుంటాయన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు. సందుగను జానెడు ముందుకు జరిపి, బందులోని సన్నటి ఇనుప పుల్లను సైకిలు పోకుతో నెడితే జారి చేతికొస్తుంది. మూత వెనకనుంచి లేస్తుంది. తీసుకోవలసింది తీసుకుని, పుల్ల మళ్లీ దూర్చి, సందుగను గోడకు ఆనిస్తే తాళం తాళంలాగే ఉంటుంది, సకినాలు మాత్రం తగ్గుతాయి. పెట్టె యజమాని తాళాన్ని పట్టుకుని అటూ ఇటూ లాగి చూసి, చివరికి ఎలుకలే అని తేల్చేవాడు. ఆ ఏడు మా హాస్టల్లో ఎలుకలకు చాలా చెడ్డపేరు వచ్చింది.

ఆ పనివాడు ఎవరో నాకు తెలుసు. వాడు ఇప్పుడు మా బ్రాంచిలో లాకర్ల గది చూస్తున్నాడు.

ఈ నేపథ్యంతో తొర్రూరు పోయి రేకు పెట్టె కొన్నాను. దుకాణం ఆయన తాళం పెట్టే గొళ్లెం చూపించబోతే నేను పెట్టెను తిరగేసి బందులు చూశాను. “సారుకు పెట్టెల సంగతి బాగ ఎరుకున్నట్టుంది” అన్నాడు. మురిసిపోయాను. అక్కడే పక్కన వెల్డింగు షాపులో పుల్లల కొసలు రెండువైపులా వంచించి, ఒక్కో కొసకు ఒక్కో వెల్డింగు చుక్క పెట్టించాను. ఇక సైకిలు పోకు కాదు కదా, గడ్డపార తెచ్చినా ఆ బందు ఊడదు. వెల్డింగు అబ్బాయి చేసిన పనిని గోటితో గీకి చూసి, ఇంకో చుక్క వేయమన్నాను కూడా.

తర్వాత తాళం. అలీగఢ్ నుంచి వచ్చే చిన్న తాళాలు బోలెడున్నాయి. కానీ అర్దేశిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల పని మొదలుపెట్టింది మా అమ్మాయి పెట్టె కోసమేనన్నట్టు నేను లివర్ల తాళమే కావాలన్నాను. ఇత్తడిది, అరచేయంత. పెట్టెకు తగిలిస్తే గొళ్లెం కిందికి వంగింది.

“తాళం గట్టిదే సారూ, పెట్టె రేకుది గదా. గింత తాళానికి రేకే చినుగుతది” అన్నాడు దుకాణం ఆయన.

తెలియనివాడితో వాదన ఎందుకని డబ్బులిచ్చేశాను.

పేరు రాయించే పని ఒకటి మిగిలింది. పెయింటరుకు కాగితం మీద రాసిచ్చాను. నా పేరు, నా హోదా, నెల్లికుదురు గ్రామం, మండలం, మహబూబాబాద్ జిల్లా, పిన్ కోడ్, నా ఫోన్ నంబరు. ఎర్ర రంగుతో ముత్యాల్లాంటి అక్షరాలు రాశాడు. రాయడం అయ్యాక చూస్తే మా అమ్మాయి పేరుకు చోటు లేదు. గొళ్లెం పక్కన బొటనవేలంత జాగాలో ‘కూతురు’ అని రాసి పొడి అక్షరాలు పెట్టాడు.

“హాస్టల్ల చేరేది నువ్వా, నేనా నాన్నా?” అంది పిల్ల.

తాళంతోపాటు చెవులు రెండు వచ్చాయి. ఒకటి నల్లదారానికి కట్టి దాని మెడలో వేశాను. రెండోది నా చెవుల గుత్తిలో పడింది. “అదెందుకు నాన్నా నీకు?” అంటే బ్యాంకు పద్ధతి వివరించాను. బ్యాంకులో రెండు చెవులూ కలిస్తేనే తెరుచుకుంటుందని, ఇక్కడ ఏ ఒక్కటైనా చాలని, ఈ తేడాను మాత్రం వివరించలేదు. అదే కనిపెట్టి ఉంటుంది, ఏమీ అనకుండా నన్ను ఒక చూపు చూసింది.

ఇది జూన్‌లో. ఆగస్టులో ఇంకో హైస్కూలు పిల్లవాడు నా సలహాకు బలయ్యాడు. మా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు. వాళ్ల అబ్బాయి తొమ్మిదో తరగతిలోకి వచ్చి, కొత్త హైస్కూల్లో చేరాడు. అసలు సిసలు లాకరు, సినిమాల్లో చూస్తామే, గోడ పొడవునా బీరువా తలుపుల్లాంటివి, అందులో ఒకటి వాడిది. వీడియో కాల్‌లో నేను అడిగిన మొదటి ప్రశ్న, “రెండో చెవి ఎవరి దగ్గరుంది?”

“చెవి లేదు మామయ్యా. నంబర్ల తాళం.”

గుండ్రటి తిప్పుడు బిళ్ల, దాని మీద 0 నుంచి 39 దాకా నలభై అంకెలు. కుడికి మూడు చుట్లు తిప్పి మొదటి అంకె దగ్గర ఆపాలి. ఎడమకు తిప్పి రెండో అంకెను ఒకసారి దాటనిచ్చి, మళ్లీ వచ్చినప్పుడు ఆపాలి. తిరిగి కుడికి, నేరుగా మూడో అంకెకు. గీత అటూ ఇటూ అయితే మొదటికొస్తుంది. మిల్వాకీలో హ్యారీ సోరెఫ్ అనే ఆయన 1921లో పెట్టిన మాస్టర్ లాక్ కంపెనీ వల్ల ఈ తరహా తాళాలు అమెరికా బడులన్నిటా పాకాయట. కాగితం మీద లెక్కేస్తే నలభైని మూడుసార్లు హెచ్చించాలి, 64,000. ఈ లెక్క నోటితో వేసి వాడికి చెప్పాను. వాడు మర్యాదగా “వావ్” అన్నాడు. ఆ ఊపులో సలహా కూడా పారేశాను. “నంబరు మరిచిపోతవేమో. ఒక కాగితం మీద రాసి, భద్రంగా లాకరుల పెట్టుకో.”

వాడేమీ మాట్లాడలేదు. నెట్‌వర్క్ పోయిందనుకున్నాను.

తర్వాత తెలిసిందేమిటంటే, పీరియడుకూ పీరియడుకూ మధ్య ఉండే నాలుగైదు నిమిషాల్లో ఆ తిప్పుడంతా తిప్పలేక వాడి దోస్తుల్లో చాలామంది అసలు లాకరు తెరవనే తెరవరట. లాప్‌టాపు, నీళ్ల సీసా, పుస్తకాలు మొత్తం వీపు మీదే. నారాయణ్ గారి గోడు టెక్సాస్ దాకా పోయిందన్నమాట.

దసరాకు మా అమ్మాయి చేతిసంచితో వచ్చింది, పెట్టె రాలేదు. ఏప్రిల్ చివర వేసవి సెలవులకు వచ్చింది పెట్టె. ఆటోలోంచి దింపుతుంటే నా కళ్లు దాని మీదే. పెట్టె మీద నా పేరు లేదు. నా పేరు, హోదా, ఫోన్ నంబరు ఉన్న చోటంతా స్టిక్కర్లు. క్రికెట్ ఆడే స్మృతి మంధాన, పూలు, పిల్లి బొమ్మలు. ‘నెల్లికుదురు’ ఒక్కదాన్ని మాత్రం వదిలింది, దాని చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత కూడా కొట్టింది. ఊరికి దక్కిన గౌరవం తండ్రికి దక్కలేదు.

అంతకంటే పెద్ద దెబ్బ గొళ్లెం దగ్గర. నా ఇత్తడి తాళం లేదు. దాని చోట వేలెడంత చిన్న తాళం, మూడు అంకెల చక్రాలది.

“నా తాళమేది?”

“దోస్తుకు ఇచ్చిన నాన్నా. ఆమె తాళం నేను తీసుకున్న. చెవి పోతే వార్డెన్ మేడం కాడికి ఉరుకాలె. నంబరైతే పోయేటందుకు ఏముంటది?”

అంటే ఇన్ని నెలలుగా నేను జేబులో మోసుకు తిరిగిన చెవి, ఏ ఊరిదో తెలియని ఇంకో అమ్మాయి పెట్టెది. లాకర్ల గది చూసే మనిషి దగ్గర ఊరూ పేరూ తెలియని ఖాతాదారు చెవి ఉందంటే మా మేనేజరు నన్ను ఆ క్షణమే క్లియరింగ్‌కు మార్చేస్తాడు. చెవి తీసి దాని చేతిలో పెట్టాను. “ఇన్ని దినాలు పైలంగనే పెట్టినవు” అని మెచ్చుకుని తీసుకుంది. పెట్టెను మంచం కిందికి తోసింది.

అది అక్కడ ఉన్నంతసేపూ నాకు అన్నం సహించలేదు. “అందులో ఏముంది బిడ్డా?” అంటే “నా సామాన్లు” అంటుంది. ఏం సామాన్లు? పెట్టెలో మురుకులు మిగిలిపోయి పురుగు పడుతుందేమో. మాసిన బట్టలుంటే బూజు పడుతుందేమో. ఈ వాదనలన్నీ మా ఆవిడ ముందు పెట్టాను. “బూజు పడ్డది పెట్టెల కాదు” అని ఊరుకుంది. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన నిబంధనల ప్రకారం ఏడేళ్లు ఎవరూ ముట్టని లాకరును, మనిషి ఆచూకీ లేకపోతే, బ్యాంకు తెరవవచ్చు. మా అమ్మాయి పెట్టె మూసి వారం కాలేదు. మనిషి ఆచూకీ పక్క గదిలో ఫోను చూస్తూ స్పష్టంగానే ఉంది. నిబంధనలు నా వైపు లేవు.

ఒక ఆదివారం తల్లీ కూతుళ్లు కేసముద్రంలో అమ్మమ్మ వాళ్లింటికి పోయారు. మా అమ్మ ముందర అర్రలో మంచం మీద పడుకుని ఉంది. నేను పెట్టెను బయటికి లాగి, కింద కూర్చున్నాను.

ముందు పిల్ల పుట్టినరోజు పెట్టాను, రాలేదు. వాళ్లమ్మ పుట్టినరోజు, రాలేదు. నా పుట్టినరోజు కూడా పెట్టి చూశాను, అదొక ఆశ. తర్వాత చేతులు తమంతట తామే పెట్టెను వెనక్కి తిప్పాయి. ముప్పై ఏళ్లు దాటినా విద్య పోలేదు. కొట్టంలోని పాత సైకిలు నుంచి పోకు ఒకటి ఊడదీసి తెచ్చి బందు దగ్గర పెట్టాను. కదలదు. వంగి చూస్తే పుల్ల కొసలు రెండువైపులా వంచి ఉన్నాయి, వాటి మీద వెల్డింగు చుక్కలు, అందులో ఒకదాని మీద ఇంకో చుక్క. ఎవడో పనితనం తెలిసిన దొంగే చేయించాడు.

మిగిలింది లెక్క. మూడు చక్రాలు, ఒక్కోదానికి పది అంకెలు, మొత్తం వెయ్యి. ఒక్కోదానికి మూడు సెకన్లు వేసుకున్నా యాభై నిమిషాల పని. నోట్ల కట్టలు లెక్కపెట్టిన వేళ్లకు ఇదెంత? 000 నుంచి మొదలుపెట్టాను. 001, లాగు. 002, లాగు. రెండు వందలు దాటేసరికి బొటనవేలు మండింది. నాలుగు వందలు దాటాక గేటు చప్పుడైంది. ఎండ ముదరకముందే బయలుదేరి వచ్చేశారట. పెట్టెను మంచం కిందికి తోసి, పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. పేపరు నిన్నటిది.

సాయంత్రం దాకా ఏమీ కాలేదు. బట్టలు తీసుకోవడానికి పెట్టె లాగిన పిల్ల, తాళం మీద చెయ్యి పెట్టకుండానే ఆగింది.

“నాన్నా, నా పెట్టె ఎవరు ముట్టిన్రు?”

“ఎవరు ముడతరు?”

“నేను 739 మీద పెట్టి పోయిన. ఇప్పుడు 417 మీదున్నది.”

హాస్టల్లో పిల్లలందరూ చేసే పనేనట. తాళం వేశాక చక్రాలను ఊరికే తిప్పి వదలరు. అసలు నంబరు కాని ఇంకో నంబరు మీద పెట్టి, గుర్తు పెట్టుకుని పోతారు. తిరిగొచ్చేసరికి అది మారి ఉంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే. మా బ్యాంకులో లాకరు తెరిస్తే ఆ రోజు పూర్తయ్యేలోపు ఖాతాదారుకు మెసేజ్ పోవాలని రిజర్వు బ్యాంకు నిబంధన. దానికోసం కంప్యూటర్లు, సర్వర్లు, ఒక వెండరు. ఎనిమిదో తరగతి పిల్లలు ఆ పనే మూడు చక్రాలతో చేసుకుంటున్నారు. ఆ తెలివికి ఆశ్చర్యపడుతున్నట్టు ముఖం పెట్టాను గానీ, అక్కడ ముగ్గురు ఆడవాళ్లు నన్నే చూస్తున్నారు.

“దుమ్ము తుడిచిన” అన్నాను. “తుడుస్తుంటే తిరిగినయేమో.”

“నువ్వా? దుమ్మా?” అంది మా ఆవిడ. పెళ్లయినప్పటినుంచి జరిగినవన్నీ ఒక్కసారి గుర్తు చేసుకుంటున్నట్టు పైకప్పు వైపు చూసింది. పైకప్పుకు బూజు వేలాడుతోంది.

అప్పుడు మా అమ్మ లేచి వచ్చింది. చేతిలో సైకిలు పోకు. “మంచం కింద పడ్డది. ఇది గూడ దుమ్ము తుడిచేదేనారా?”

నాకు నోట మాట రాలేదు. మా అమ్మ మనవరాలి పక్కన కూర్చుని తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. “మీ నాన్న ఎనిమిదిల ఉన్నప్పుడే సందుగల బందులు ఊడదీసిండు బిడ్డా. హాస్టలు వార్డెను బాపును పిలిపించి చెప్పిండు. పోరడు సిగ్గుపడ్తడని బాపు వానికి చెప్పలే. ఆ ఏడు పోరగాండ్లందరికి గంపెడు సకినాలు చేసి పంపిన.”

ఆ గంపెడు సకినాలు నాకు గుర్తున్నాయి. మా అమ్మకు ఉన్నట్టుండి నా దోస్తుల మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందా అని అప్పట్లో అనుకున్నాను. వాటిని అందరికీ పంచినట్టే పంచి, రాత్రికి మళ్లీ వాళ్ల సందుగల్లోంచే తీసుకున్నాను కూడా. ఈ చివరి ముక్క మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు, చెప్పే ఉద్దేశం కూడా లేదు.

దుమ్ము తుడిచానన్న మాట నోటి నుంచి వచ్చింది కాబట్టి అది నిజమేనని ఇంట్లో తీర్మానించారు. అప్పటినుంచి ఆదివారం పొద్దున ఇల్లంతా నాదే. బూజుకర్ర, తడిబట్ట, పాత బనీను. అలమర మీద, ఫ్యాను రెక్కల మీద, టీవీ వెనక. మా అమ్మాయి పెట్టెను కూడా తుడుస్తాను, దాని కళ్ల ముందే, చక్రాలకు వేలు తగలకుండా. మా అమ్మ సందుగ ఒక్కటి ముట్టనివ్వదు. పింఛను డబ్బులు, వక్కాకు సంచి, పెళ్లినాటి చీర అందులోనే. దాని వెనక బందులు వదులయ్యాయని, ఈసారి తొర్రూరు పోయినప్పుడు ఆ వెల్డింగు అబ్బాయిని వెంటబెట్టుకు రమ్మని నెల రోజులుగా నా వెంటపడుతోంది.